పిల్లి డబ్బాలో పాత పేపరు

సొంతూళ్ళో ఇల్లు కట్టించిన వారెవరికైనా ఈ సంగతి తెలుసు. వీధిలో ఇసుక లారీ దింపిన రాత్రి సైటుకు మొట్టమొదట వచ్చేది మేస్త్రీ కాదు, పిల్లి. చుట్టుపక్కల పిల్లులన్నిటికీ ఆ రాత్రి పండగే. మర్నాడు ఇసుక జల్లెడ పట్టే కూలీలు ముక్కు మూసుకుని తిట్టే తిట్లు వినాలి. టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టినా సందు చూసుకుని దూరేవి. పిల్లి స్వభావం అది. గీకడానికి వదులుగా ఉండే మట్టి కావాలి, పని అయ్యాక కప్పెట్టడానికీ అదే మట్టి కావాలి. ఇసుక కుప్ప, పొయ్యి బూడిద పోసే గుంట, పెరట్లో అరటి పాదు, ఏదో ఒకటి దానికి దొరికేది. పిల్లి దొడ్డికి ఎక్కడికి వెళ్తుందని మన ఇళ్ళల్లో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు.

ఇక్కడ ఆలోచించక తప్పడం లేదు. మేముండేది ఐర్లండు దక్షిణాన, కార్క్ హార్బర్ ఒడ్డున ఉన్న రింగాస్కిడీ. ఊరు చిన్నది, లారీలు పెద్దవి. ఒకవైపు మందుల ఫ్యాక్టరీలు, ఇంకోవైపు ఓడరేవు, ఫ్రాన్సుకు వెళ్ళే ఫెర్రీ. 2022లో కొత్త కంటైనర్ టెర్మినల్ కూడా తెరిచారు. ఎన్-28 రోడ్డు మీద కంటైనర్ లారీలు వరసగా పోతూనే ఉంటాయి. అలాంటి చోట పిల్లిని బయటకు వదలడమంటే దాని ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. మా పిల్లి సైట్లో స్కాఫోల్డింగ్ పైపుల మధ్య దొరికింది. బూడిద రంగు కనక సిమెంటు అని పేరు పెట్టాం. ఇంట్లో నలుగురం, దానితో కలిపి ఐదుగురం. అది గడప దాటదు. కాబట్టి దాని ఇసుక కుప్ప మేమే ఇంట్లో ఏర్పాటు చేయాలి.

ఒకప్పుడు మనవాళ్ళు విదేశాల్లో పిల్లిని పెంచడం అరుదు. ఇప్పుడు డబ్లిన్ నుంచి డల్లాస్ దాకా ఎంతోమంది తెలుగువారి ఇళ్ళల్లో పిల్లి ఉంది. ఎదురొస్తే శకునం బాగోలేదని వెనక్కి తిరిగే మనమే ఇప్పుడు దానికి పుట్టినరోజు చేస్తున్నాం. బాగానే ఉంది. కానీ దాని డబ్బాలో ఏం పోయాలి, పోసినదాన్ని తీసి ఎక్కడ పారేయాలి అన్నది మాత్రం దుకాణంలో ఏది చవగ్గా ఉంటే దానికే వదిలేస్తున్నాం. మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాం. ఇంటిపట్టునే ఉండే పిల్లికి పాత కాగితాలతో చేసిన గుళికలు వాడటం మేలు. ఇదీ ఒక సమస్యేనా అని నవ్వేవారు నవ్వొచ్చు. డ్రైనేజీ పని చేసినతని చేతిలో డబ్బు పెట్టిన రోజున మాకు మాత్రం నవ్వు రాలేదు.

జరిగింది ఇది. మొదట్లో మేమూ అందరిలాగే సూపర్ మార్కెట్లో దొరికే మట్టి లిట్టర్ తెచ్చాం. తడి తగలగానే ఉండ కట్టే రకం. ఆ ఉండను చిల్లుల గరిటెతో తీసేస్తే మిగతాది శుభ్రంగా ఉంటుంది. సుఖమైన ఏర్పాటే. ఒక ఆదివారం మాలో ఒకడు బద్ధకించి, డబ్బాలో మిగిలిన మట్టంతా టాయిలెట్లో పోసి ఫ్లష్ నొక్కాడు. మట్టే కదా, నీళ్ళల్లో కలిసిపోతుంది అనుకున్నాడు. మూడో రోజుకు నీళ్ళు కిందికి పోవడం మానేసి పైకి రావడం మొదలుపెట్టాయి.

సంచి మీద ఏం రాసి ఉందో అప్పుడు చదివాం. బెంటొనైట్. తల బాదుకున్నాం. సివిల్ డిప్లొమా చదివి, పైలింగ్ సైట్లలో ఏళ్ళ తరబడి పని చేసిన మాకు బెంటొనైట్ అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? నీళ్ళు తాగి కొన్ని రెట్లు ఉబ్బే మట్టి అది. పైల్ కోసం తవ్విన గుంత గోడలు కూలకుండా నింపేది ఆ ద్రావణాన్నే. పోలవరంలో గోదావరి ఇసుకలో డయాఫ్రం వాల్ దింపడానికీ అలాంటి మట్టే కావాలి. 2020 వరదల్లో ఆ గోడ దెబ్బతినడం, 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలవడం పాఠకులకు తెలిసిందే. నది అడుగున నీళ్ళు జారిపోకుండా ఆపడానికి వాడే సరుకును మేము నాలుగంగుళాల పైపులోకి వదిలాం. అది చేయాల్సిన పని అది చేసింది. తప్పు మట్టిది కాదు, మాది.

మనిషి కూడా ఈ మట్టిని చాలా ఆలస్యంగానే పిల్లి దగ్గరికి తెచ్చాడు. అమెరికాలో అంతకు ముందు పిల్లులకు బూడిద, ఇసుకే పోసేవారు. 1947లో మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే ఆయన ఫుల్లర్స్ ఎర్త్ అనే పీల్చే మట్టిని పిల్లుల కోసం అమ్మడం మొదలుపెట్టాడు. ఉండ కట్టే బెంటొనైట్ 1980ల్లో వచ్చింది. అంటే పిల్లికి మట్టి కొనిపెట్టడం మన స్వాతంత్ర్యమంత పాతది. దాన్ని కొండల్లో తవ్వాలి, ఎండబెట్టాలి, పొడి చేయాలి, ఓడల మీద తేవాలి. చివరికి ఒక్కసారి తడిసి చెత్తలోకి పోవాలి. మన దేశంలో గుజరాత్ కచ్ ప్రాంతం ఈ మట్టికి ప్రసిద్ధి. గనిలో పని చూసినవాళ్ళం కనక ఆ ఖర్చు మాకు ఇంకోలా కనిపిస్తుంది.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. సంచి విప్పి పోసేటప్పుడు తెల్లటి పొగలా లేస్తుంది చూడండి, అందులో ఎంతో కొంత సిలికా ఉంటుంది. సైట్లో కాంక్రీటు కోయాలంటే నీళ్ళు చల్లుతాం, ముఖానికి మాస్కు లేనివాణ్ణి దగ్గరికి రానివ్వం. పలకల క్వారీల్లో ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిన కుటుంబాల సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. ఇంట్లో పిల్లి డబ్బా వల్ల సిలికోసిస్ వస్తుందని మేము అనడం లేదు, అంత మాట అనడానికి ఆధారం లేదు. కానీ ఉబ్బసం ఉన్న పిల్లవాడు పక్క గదిలో పడుకున్నప్పుడు, తలుపులు కిటికీలు మూసి ఉన్న చలికాలంలో, రోజూ ఆ దుమ్ము లేపడం దేనికి? పైగా డబ్బాలో ముక్కు పెట్టి గీకేది పిల్లే కదా, ముందు పీల్చేదీ అదే.

కాగితం దగ్గరికి మమ్మల్ని పంపింది పశువుల డాక్టరు. సిమెంటుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన రోజున, కుట్లు మానేవరకు మట్టి వాడొద్దని, పేపరు లిట్టర్ వాడమని ఆవిడ చెప్పింది. సన్నటి మట్టి కుట్లకు అంటుకుంటుంది, కాగితం గుళిక అంటుకోదు. పది రోజులకని మొదలుపెట్టి దాంట్లోనే ఉండిపోయాం.

ఆ గుళికలు ఎలా వస్తాయో తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. కాగితాన్ని మళ్ళీ మళ్ళీ కరిగించి కొత్త కాగితం చేస్తుంటే దాని పీచు ప్రతిసారీ పొట్టిదవుతుంది. ఐదారు సార్లయ్యాక కాగితంగా నిలబడే బలం దానికి ఉండదు. అలా అరిగిపోయిన పీచు కూడా పిల్లి డబ్బాకు పనికొస్తుంది. నలగ్గొట్టి, నొక్కి, ఎండబెడితే బియ్యం తవుడు గుళికల్లా తయారవుతుంది. అమెరికాలో ప్యూరినా కంపెనీ దీన్ని 'నిన్నటి వార్తలు' అని అర్థం వచ్చే పేరుతో, యెస్టర్‌డేస్ న్యూస్ అని అమ్ముతూ వచ్చింది. పేపరు వాళ్ళు ఏమనుకుంటారో గానీ పేరు మాత్రం సరిగ్గా కుదిరింది. ఇటువైపు బ్రీడర్ సెలెక్ట్ వంటి రకాలున్నాయి.

ఇంట్లోనే చేసుకుందామని మేము పడిన పాట్లు కూడా చెప్పాలి, లేకపోతే మీరూ పడతారు. బస్టాపుల దగ్గర, దుకాణాల్లో ఊరికే ఇచ్చే పేపర్లు పోగు చేసి, చింపి, బకెట్లో నానబెట్టి, గిన్నెల సబ్బు చుక్క వేసి, పిండి, వంటసోడా కలిపి ఆరబెట్టాలి. లెక్కకు ఖర్చు లేదు. అదే గుంటూరులోనైతే డాబా మీద పోస్తే ఒక్క మధ్యాహ్నంలో వడియాల్లా ఎండిపోయేది. రింగాస్కిడీలో ఎండ అనేది వాతావరణ వార్తల్లో చూసేదే. రేడియేటర్ల మీద, కుర్చీల మీద, మెట్ల కమ్మీ మీద ఆ తడి ముద్ద ఐదు రోజులు ఆరింది. ఆరో రోజున బూజు పట్టింది. ఇల్లంతా పాత గోడౌను వాసన. పొదుపు చేద్దామనుకున్న దానికంటే హీటింగ్ ఖర్చు ఎక్కువయింది. కొనుక్కోవడం మేలని అప్పుడు ఒప్పుకున్నాం.

ఇక అసలు అభ్యంతరం ఇంటి నుంచి వచ్చింది. మాలో ఒకరి అమ్మగారు వీడియో కాల్లో డబ్బా చూసి, "అదేమిట్రా?" అని అడిగారు. పాత పేపర్లతో చేసిందమ్మా అన్నాం. ఆవిడ మొహం మాడిపోయింది. "సరస్వతీదేవి కదరా! కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని నేర్పించానే, దాని మీద పిల్లి చేత ఆ పని చేయిస్తారా?"

ఈ మాటను నవ్వి కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. అక్షరం మీద ఆ గౌరవం లేకపోతే మాలాంటి కూలీల పిల్లలం డిప్లొమా దాకా వచ్చేవాళ్ళం కాము. పుస్తకం కింద పడితే తీసి కళ్ళకద్దుకునే అలవాటు ఇప్పటికీ మాకుంది, సైట్లో డ్రాయింగ్ షీటు కింద పడినా చెయ్యి అలాగే కదులుతుంది. కానీ అమ్మా, మన ఊళ్ళో పాత పేపరు ఏమయ్యేది? కిలోల లెక్కన అమ్మేవాళ్ళం. అందులో బజ్జీలు కట్టేవారు, చేపలు చుట్టేవారు, బల్లల కింద పరిచేవారు. బజ్జీ నూనె పీల్చి నలిగి కాలవలో పడ్డ పేపరు మీద అక్షరాలు అలాగే ఉండేవి, దేవుడి బొమ్మ ఉన్నా ఉండేది. అచ్చు సిరా తిండికి మంచిది కాదని మన ఆహార భద్రతా సంస్థ 2016లోనే పేపర్లో తినుబండారాలు కట్టొద్దని చెప్పింది, అయినా కడుతూనే ఉన్నారు. ఇక్కడ గుళికలో అక్షరం లేదు. మిల్లులో కరిగిపోయింది. మిగిలింది చెట్టు పీచు. ఇదంతా చెప్పాక ఆవిడ కాసేపు ఆలోచించి, "సరే, ఇంగ్లీషు పేపర్లేగా" అన్నారు. ఔనన్నాం.

కాగితంలో లోపాలు లేవని చెబితే అబద్ధం. మట్టిలా ఉండ కట్టదు. తడిసిన గుళిక ఉబ్బి, మెత్తబడి అలాగే ఉంటుంది. మలం రోజూ తీసినా తడి అడుగుకు దిగుతుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే అమోనియా వాసన ముక్కు పగలగొడుతుంది. ఎంత సాంబారు ఘుమఘుమలాడినా దాన్ని కప్పలేదు. మట్టిలో కట్టిన ఉండలను లెక్కపెట్టి పిల్లి ఎంత మూత్రం పోసిందో తెలుసుకోవచ్చు, మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్న పిల్లికి అది ముఖ్యం. కాగితంలో ఆ లెక్క తేలదు. అలాంటి పిల్లి ఉంటే డాక్టరు ఏది చెబితే అది వాడండి, మా మాట వినకండి. ఇంకో సంగతి, సన్నటి ఇసుక లాంటిది పాదాలకు తగలడమే చాలా పిల్లులకు ఇష్టం. ఒక్కరోజులో మార్చేస్తే అలిగి మీ పరుపు మీద తీర్పు చెబుతుంది. మేము పాత మట్టిలో గుప్పెడు గుళికలు కలపడంతో మొదలుపెట్టి, రోజూ కొంచెం పెంచుతూ రెండు వారాల్లో మార్చాం. తొందరపడి మార్చినవాళ్ళు పిల్లినే వదిలించుకోవాలని చూడటం మేము ఎరుగుదుం. డబ్బా తప్పి పోయడమన్నది పిల్లులు ఆశ్రమాల పాలు కావడానికి పెద్ద కారణాల్లో ఒకటి. తప్పు పిల్లిది అంటారు. మార్చింది ఎవరు?

రోజూ శుభ్రం చేయాల్సి రావడం లోపమే అయినా అందులో ఒక లాభం ఉంది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది. గర్భిణులకు సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. అయితే మలంతో బయటికొచ్చిన ఆ గుడ్లు వెంటనే అంటుకోవు. అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తీసి పారేసే ఇంట్లో ఆ అవకాశం తగ్గుతుంది. ఇంటిపట్టునే ఉండి, పచ్చిమాంసం తినని, ఎలుకలు పట్టని పిల్లికి అసలు ముప్పే తక్కువ. అయినా కడుపుతో ఉన్న ఆడపిల్ల చేత ఆ డబ్బా ఎత్తించకండి. ఇక్కడ కొన్ని ఇళ్ళల్లో భర్త నైట్ షిఫ్టు చేసి పడుకుంటే ఆ పని ఆవిడ మీదే పడుతోంది. పిల్లిని ముద్దు చేసే చేతులే డబ్బా కడగాలి, అందులో మొగుడికి మినహాయింపు లేదు.

తీసింది ఎక్కడ పారేయాలి? ఇక్కడ మేము కొంచెం గట్టిగా చెబుతాం. మట్టైనా కాగితమైనా టాయిలెట్లో వేయొద్దు. కాగితం కదా, కరిగిపోతుందనుకునేవాళ్ళు గుళికను గ్లాసులో వేసి ఒక గంట ఆగి చూడండి, ఎంత లావవుతుందో. మాకు పక్కనే ఉన్న శాన్‌బల్లీలో మురుగు శుద్ధి కేంద్రం 2016 చివర మొదలయ్యే దాకా కోబ్, పాసేజ్ వెస్ట్, క్యారిగలైన్, మా రింగాస్కిడీ, ఇలా ఈ హార్బర్ ఊళ్ళ మురుగంతా శుద్ధి లేకుండా సముద్రంలోకే పోయేది. రోజుకు 40,000 చక్రాల చెత్తడబ్బాలు నింపేంత మురుగు అని అధికారులే చెప్పారు. కోబ్‌ను కలిపే గొట్టం నీటి అడుగున వేసి 2021లో గానీ ఆ పని పూర్తి కాలేదు. అంత కష్టపడి కట్టిన చోటికి మన పిల్లి మట్టి పంపకూడదు. కాలిఫోర్నియాలో పిల్లి లిట్టర్ సంచి మీద టాయిలెట్లో వేయొద్దన్న సూచన ఉండాలని 2006లోనే చట్టం చేశారు. అక్కడి సముద్రపు ఆటర్లకు ఈ పరాన్నజీవి సోకుతోందన్న భయంతో చేసిన చట్టం అది.

కాగితమే కనక గోధుమ రంగు డబ్బాలో, తిండి వ్యర్థాలతో వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. సంచి మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ చూసి మేమూ అలాగే అనుకున్నాం. కుదరదు. వాడిన పిల్లి లిట్టర్ ఇక్కడ నల్ల డబ్బాలోకే. కూరగాయల మడిలో ఎరువుగా అసలు వద్దు. మరి రెండూ నల్ల డబ్బాలోకే పోతే కాగితం ఎందుకు అంటారా? ఆ నల్ల డబ్బా చెత్త చాలావరకు పోయేది మంటలోకి. మీత్‌లోని డ్యులీక్‌లో 2011 నుంచి, డబ్లిన్ పూల్‌బెగ్‌లో 2017 నుంచి పెద్ద దహన కేంద్రాలు నడుస్తున్నాయి. మా రింగాస్కిడీలో కూడా ఒకటి కడతామని 2001లో కదిలిన ప్రతిపాదన మీద ఊరివాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా కోర్టుల చుట్టూ తిరిగారు. మట్టి మంటలో కాలదు. లోపలికి ఎంత వెళ్ళిందో దాదాపు అంతా బూడిదలో కలిసి బయటికొచ్చి, మళ్ళీ ఎక్కడో పూడ్చాల్సిన బరువవుతుంది. కాగితం కాలిపోతుంది. పైగా 2017 నుంచి ఇక్కడ చెత్తకు ఒకటే రేటు అన్న పద్ధతి పోతూ వచ్చింది, చాలా చోట్ల బరువును బట్టి వసూలు. రెండు రకాల కొత్త సంచులు రెండు చేతులా ఎత్తి చూడండి. లెక్క అక్కడే తేలుతుంది. సంచి ధరలో మట్టిదే చవక, ఆ మాట నిజం. చెక్క రంపపు పొట్టు గుళికలు ఇంకా చవక, అవీ మంచివే. మా సిమెంటు మాత్రం ఆ వాసన చూసి మొహం తిప్పుకుంది.

హైదరాబాదు, విజయవాడ అపార్టుమెంట్లలో కూడా ఇప్పుడు పిల్లులు పెరుగుతున్నాయి, ఆన్‌లైన్లో మట్టి సంచులు ఇంటికొస్తున్నాయి. సిర్పూర్ కాగజ్‌నగర్ మిల్లు 1938 నాటిది, మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. రాజమండ్రిలో మిల్లుంది, భద్రాచలం దగ్గర సారపాకలో మిల్లుంది. వీధి వీధికీ పాత పేపర్లు కొనేవాడున్నాడు. ఎండకు కొదవ లేదు. గుళికల యంత్రం ఏమంత బ్రహ్మవిద్య కాదు, కోళ్ళ దాణా చేసేవాళ్ళ దగ్గర ఉన్నదే. ఎవరైనా చేసి అమ్మితే మొదటి సంచి కొనడానికి మాలో ఒకడు వచ్చే సంక్రాంతికి ఊరికి వస్తున్నాడు. వాళ్ళ చెల్లెలి పిల్లికి.

మా ఇంట్లో మాత్రం వంతులు రాసి ఫ్రిజ్ మీద అంటించాం. పొద్దున సైటుకు వెళ్ళే ముందు ఒకసారి, రాత్రి అన్నాలయ్యాక ఒకసారి తీయాలి. శనివారం డబ్బా మొత్తం ఖాళీ చేసి, వేడినీళ్ళతో కడిగి, రెండంగుళాల ఎత్తున కొత్త గుళికలు పోయాలి. ఆ ఆదివారం ఫ్లష్ నొక్కినవాడికి రెండు వంతులు.